రూటర్ జీపీఐఓ పిన్నులతో బయటి స్విచ్ చిప్‌ను నడపడం: ఏ రిజిస్టర్ చదివినా ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వస్తోంది

నీలిదీపం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం చేసిన లైనక్స్ ఫర్మ్‌వేర్) ఎక్కించుకున్న పాత రూటర్ ఒకటి నా దగ్గర ఉంది. దానికున్న నాలుగు లాన్ పోర్టులు చాలక, ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకదాన్ని కేబుల్‌తో కలిపి వాడుతున్నాను. ఆ స్విచ్ సెట్టింగులేవీ లేని మామూలు రకం. మూత విప్పి, చిప్ మీద అంటించిన అల్యూమినియం పలకను నెమ్మదిగా ఊడదీసి చూస్తే రియల్‌టెక్ ఆర్‌టీఎల్8367ఎస్ అని కనిపించింది. ఇదే కుటుంబానికి చెందిన చిప్‌లను కొన్ని రూటర్లలో లోపలి స్విచ్‌గా వాడుతున్నారు కనుక, వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) చేయడం, పోర్టులను ఒకదానినుంచి ఒకటి విడదీయడం దీనికి చేతనవునని నాకు అర్థమైంది. ఆ పనులు చేయమని దానికి చెప్పే ప్రాసెసర్ ఆ డబ్బాలో లేకపోవడం ఒక్కటే లోటు. ఆ పనిని నా రూటర్ చేత చేయించాలన్నది నా కోరిక.

ఇప్పటివరకు చేసింది ఇది. రూటర్ బోర్డు మీద వాడుకలో లేని రెండు ఎల్‌ఈడీల జీపీఐఓ పిన్నుల (సాఫ్ట్‌వేర్‌తో నడిపే పిన్నులు) నుంచి రెండు సన్న తీగలు తీసి, ఒకటి చిప్ క్లాక్ పిన్నుకు, రెండోది డేటా పిన్నుకు టంకం వేశాను. రెండు బోర్డుల గ్రౌండ్‌ను మూడో తీగతో కలిపాను. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కు చెప్పే ఫైలు) జీపీఐఓతో నడిచే ఎండీఐఓ బస్సు (నెట్‌వర్క్ చిప్‌లతో మాట్లాడే రెండు తీగల దారి) ఒకటి రాసి, ఎల్‌ఈడీ డ్రైవరు ఆ పిన్నులను పట్టుకుని ఉండడంతో మొదట వచ్చిన ‘బిజీ’ దోషాన్ని ఆ ఎల్‌ఈడీ నోడ్లు తొలగించి సరిచేశాను. ఇప్పుడు బస్సు తయారవుతోంది, దోషాలేమీ లేవు. అయితే 0 నుంచి 31 వరకు ఏ చిరునామాలో ఏ రిజిస్టర్ (చిప్ లోపల సెట్టింగులు, స్థితి ఉండే గడి) చదివినా వచ్చే విలువ ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ ఒక్కటే. తీగలు అటూ ఇటూ మార్చి చూశాను, ఫలితం అదే. చిప్ పాడైపోయిందేమోనని భయపడ్డాను కానీ స్విచ్‌గా అది ఎప్పటిలాగే ప్యాకెట్లు పంపుతోంది.

నేను ఎక్కడ పొరబడ్డానో చెప్పగలరా? ఇది పనిచేసిన తరువాత డీఎస్‌ఏ (లైనక్స్ కెర్నెల్‌లో స్విచ్ చిప్‌లను నడిపే ఏర్పాటు) డ్రైవరుతో ఆ ఐదు పోర్టులను రూటర్ సొంత పోర్టుల్లా చూడవచ్చా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

రాగితీగ

నీలిదీపం గారూ, మీ చిప్ బాగానే ఉంది. మీరు దానితో మాట్లాడుతున్న భాష దానిది కాదు. అంతకంటే ముందు, మీ డేటా పిన్ను నిజంగా వినగలుగుతోందా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి, ఎందుకంటే ఏది తప్పినా కనిపించే ఫలితం ఒక్కటే.

ముందుగా ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ సంగతి. ఎండీఐఓలో డేటా తీగను పుల్‌అప్ రెసిస్టర్ ఒకటి పైకి పట్టుకుని ఉంటుంది. అవతలివాడు జవాబిచ్చేటప్పుడు దాన్ని కిందికి లాగుతాడు. ఎవరూ లాగకపోతే పదహారు బిట్లూ ఒకట్లే అవుతాయి. అంటే మీకు వస్తున్నది చిప్ ఇచ్చిన విలువ కాదు, ‘జవాబు రాలేదు’ అని అర్థం. లైనక్స్ కూడా చిరునామాలను వెతికేటప్పుడు గుర్తింపు రిజిస్టర్లలో అన్నీ ఒకట్లు కనిపిస్తే అక్కడ ఏ చిప్పూ లేదనే తీర్మానిస్తుంది. అన్నీ సున్నాలు వచ్చి ఉంటే అది వేరే కథ: తీగ ఎక్కడో గ్రౌండ్‌కు తగులుతోందనో, పుల్‌అప్ లేదనో అనుమానించాలి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. డేటా తీగను చిప్ వైపు ఊడదీసి మళ్ళీ చదవండి. అప్పుడూ ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ రావాలి. తరువాత ఆ తీగ కొసను 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు తాకించి చదవండి. అన్నీ సున్నాలు వస్తే మీ పిన్ను వింటోందని నమ్మవచ్చు. అప్పుడూ ఒకట్లే వస్తే ఆ పిన్ను చదవడానికి పనికిరాదు. చాలా రూటర్లలో ఎల్‌ఈడీలను నేరుగా ప్రాసెసర్‌కు కలపకుండా 74హెచ్‌సీ595 అనే షిఫ్ట్ రిజిస్టర్ ద్వారా నడుపుతారు. సాఫ్ట్‌వేర్‌కు అవి కూడా జీపీఐఓల్లాగే కనిపిస్తాయి కానీ వాటికి చెప్పడమే వచ్చు, వినడం రాదు. అలాంటి పిన్నును డేటాకు వాడలేరు.

ఎల్‌ఈడీ పిన్నుల్లో మరొక చిక్కు ఉంది, అది నన్ను రెండు రోజులు తిప్పింది. నా బోర్డులో ఎల్‌ఈడీ పిన్ను నుంచి గ్రౌండ్ వైపుకు ఉంది. నేను 4.7 కిలో ఓమ్ పుల్‌అప్ పెట్టినా, ఎవరూ తాకని సమయంలో తీగ 3.3 వోల్టులకు రాకుండా 1.9 దగ్గరే ఆగిపోయేది. పుల్‌అప్ నుంచి వచ్చే ఆ కొద్దిపాటి కరెంటు ఎల్‌ఈడీ గుండా దిగిపోతూ, చీకట్లో చూస్తే తప్ప తెలియనంత సన్నగా దాన్ని వెలిగిస్తోంది. మామూలుగా 0.8 కంటే తక్కువను సున్నాగా, 2.0 కంటే ఎక్కువను ఒకటిగా చూసే చోట 1.9 అంటే ఏదీ కాదు: ఒకసారి ఒకటి, మరోసారి సున్నా. ఎల్‌ఈడీతో వరుసలో ఉన్న రెసిస్టర్‌ను పీకేయగానే తీగ 3.3కు చేరింది. మీరూ మల్టీమీటర్ పెట్టి చూడండి. ఎల్‌ఈడీ ఎటువైపుకు ఉన్నా సరే, దాన్ని తీసేయడమే మంచిది.

ఇక భాష. మీరు వాడుతున్న ఎండీఐఓ పద్ధతిలో ఒక్కో చదువూ 64 బిట్ల వరుస: మొదట 32 ఒకట్లు, తరువాత ప్రారంభానికి రెండు బిట్లు, చదవాలో రాయాలో చెప్పడానికి రెండు, చిప్ చిరునామాకు ఐదు, రిజిస్టర్‌కు ఐదు, దిశ మారడానికి రెండు, చివర డేటాకు పదహారు. రియల్‌టెక్ ఈ కుటుంబంలో దానితో పాటు ఎస్‌ఎంఐ అని పిలిచే తన సొంత పద్ధతిని కూడా ఉంచింది. అవే రెండు పిన్నులు, కానీ మాట వేరు. రెండింటిలో దేనికి పలకాలో చిప్ రీసెట్ నుంచి లేచేటప్పుడు ఒక పిన్ను పైకి ఉందా కిందికి ఉందా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది. మీ ఫలితాన్ని బట్టి మీ బోర్డులో అది ఎస్‌ఎంఐ వైపు కట్టి ఉండవచ్చు.

ఎస్‌ఎంఐ చూడడానికి ఐటూసీ (చిప్‌లు రెండు తీగల మీద మాట్లాడుకునే మరో పద్ధతి) లాగే ఉంటుంది. క్లాక్ పైన ఉండగా డేటాను దించితే ప్రారంభం. ఆ తరువాత ఆదేశపు బైటు: మీ చిప్‌కు రాయాలంటే హెక్స్ (పదహారు ఆధారంగా రాసే సంఖ్య) బీ8, చదవాలంటే హెక్స్ బీ9. మనం పంపే ప్రతి బైటు తరువాత చిప్ డేటా తీగను ఒక క్లాక్ సేపు కిందికి లాగి ‘అందింది’ అంటుంది. తరువాత రిజిస్టర్ చిరునామా రెండు బైట్లు, చిన్న బైటు ముందు, పెద్ద బైటు తరువాత. చివర డేటా రెండు బైట్లు, అదే వరుసలో. మొత్తం ఐదు బైట్లు, ఒక్కోదానికి తొమ్మిది క్లాకులు, అంటే 45.

ఐటూసీ పనిముట్లతో ఇది కుదురుతుందేమో అనిపిస్తుంది, కానీ కుదరదు. నిజమైన ఐటూసీలో చదువుతానని చెప్పిన మరుక్షణం నుంచి డేటా తీగ అవతలివాడి చేతికి వెళ్ళిపోతుంది. ఇక్కడ మాత్రం బీ9 పంపిన తరువాత కూడా చిరునామా బైట్లు రెండూ మనమే పంపాలి, ఆ తరువాతే చిప్ మాట్లాడుతుంది. కాబట్టి మామూలు ఐటూసీ చదువు ఇక్కడ సగంలో ఆగిపోతుంది. బిట్లను స్వయంగా కదిలించే చిన్న ప్రోగ్రాం రాయండి, లేదా కెర్నెల్‌లోని రియల్‌టెక్ ఎస్‌ఎంఐ కోడ్ చూసి ఆ వరుసను అలాగే అనుసరించండి. అందులో ప్రారంభానికి ముందు ఒక అదనపు క్లాకు కూడా ఇస్తారు, దాన్ని వదలకండి.

మొదట చదవవలసింది చిప్ గుర్తింపు. హెక్స్ 13సీ2 రిజిస్టర్‌లో హెక్స్ 0249 రాసి, ఆ తరువాత హెక్స్ 1300 చదివితే 6367 రావాలి. దాని పక్కనున్న 1301లో వచ్చే వెర్షన్ మీ చిప్‌కు 00ఏ0. అయిపోయాక 13సీ2లో తిరిగి సున్నా రాయండి. ఆ కీలక సంఖ్య రాయకుండా 1300 చదివి, అసలు విలువ రాలేదని చిప్‌నే అనుమానించినవాళ్ళు ఉన్నారు కనుక ఇంత వివరంగా చెబుతున్నాను.

పాతకోడు

రాగితీగ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఎస్‌ఎంఐకి జవాబు రాకపోతే, ఎండీఐఓను పూర్తిగా వదిలేసే ముందు 29వ చిరునామాలో పరోక్ష పద్ధతిని కూడా ప్రయత్నించండి. ఈ చిప్‌లో రిజిస్టర్ చిరునామాలు పదహారు బిట్లవి, ఎండీఐఓలో రిజిస్టర్‌కు ఉన్న చోటు ఐదు బిట్లే. అందువల్ల ముందు 31వ రిజిస్టర్‌లో హెక్స్ 000ఈ రాసి, 23లో మీకు కావలసిన చిరునామా రాసి, 21లో 1 రాసి, అప్పుడు 25ను చదవాలి. రాయవలసి వస్తే విలువను 24లో పెట్టి, 21లో 3 రాయాలి.

చిన్న కిటికీలోంచి పెద్ద ఇంటిని చూసే ఈ ఏర్పాటు స్విచ్ చిప్‌లలో సర్వసాధారణం, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఎథెరోస్ ఏఆర్8327లో పేజీ సంఖ్యను ముందు హెక్స్ 18 చిరునామాలో రాసి, 32 బిట్ల విలువను రెండు ముక్కలుగా చదవాలి. బ్రాడ్‌కామ్ బీసీఎం53125 అయితే 30వ చిరునామాలో ఒక నకిలీ ఫై (పోర్టు సంకేతాలను నడిపే చిప్) రూపంలో కూర్చుని, 16లో పేజీని, 17లో చిరునామాను అడుగుతుంది. మార్వెల్ 88ఈ6 వరుస చిప్‌లు బహుళ చిప్ పద్ధతిలో ఆదేశానికి ఒకటి, డేటాకు ఒకటి, రెండే రిజిస్టర్లు చూపిస్తాయి. కాబట్టి వేరే చిప్ ఉన్న స్విచ్‌తో ఇదే పని చేయాలనుకునేవారు ఈ చర్చలోని సంఖ్యలను అలాగే ఎత్తి రాయకుండా, చేతిలో ఉన్న చిప్ ఏదో ముందు చూసుకోవాలి.

జీపీఐఓతో బయటి స్విచ్‌ను నడపడం కొత్త విద్యేమీ కాదు. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ తొలి రకాల్లో కొన్నింటిలో ఏడీఎం6996ఎల్ అనే స్విచ్ చిప్ సరిగ్గా ఇలాగే ప్రాసెసర్ జీపీఐఓలకు కట్టి ఉండేది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ తొలి రోజుల్లో వీలాన్‌లు చేసినవాళ్ళు ఒక్కో బిట్టునూ ఆ పిన్నుల మీదుగానే తోశారు.

నీలిదీపం

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పిన వరుసలోనే చేశాను. రెసిస్టర్ పరీక్షలో ఒక పిన్ను వింటోంది, రెండోది వినడం లేదు. వినని పిన్ను షిఫ్ట్ రిజిస్టర్ వెనుక ఉన్నదే. దాన్ని క్లాకుకు మార్చి, వినేదాన్ని డేటాకు ఇచ్చాను. మల్టీమీటర్ పెడితే డేటా తీగ 3.28 వోల్టులు చూపింది, ఎల్‌ఈడీ రెసిస్టర్ ముందే పీకేశాను.

సీలో చిన్న ప్రోగ్రాం రాసి బీ9 పంపితే మొదటిసారి ఏ అంగీకారమూ రాలేదు. రెండు గంటలు కోడ్ చూసిన తరువాత ఆసిలోస్కోప్ తగిలిస్తే అసలు సంగతి బయటపడింది. తొమ్మిదో క్లాకుకు ముందు డేటా పిన్నును అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు మార్చడం మరిచిపోయాను. చిప్ కిందికి లాగుతోంది, నా రూటర్ పైకి తోస్తోంది. తెర మీద ఆ తొమ్మిదో క్లాకు దగ్గర తీగ సున్నాకు దిగకుండా మధ్యలో మెట్టులా నిలబడి కనిపించింది. దిశ సరిచేయగానే నేను పంపిన ప్రతి బైటుకూ అంగీకారం వచ్చింది. 13సీ2లో 0249 రాసి 1300 చదివితే 6367 వచ్చింది. ఆ నాలుగు అంకెలు చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

తరువాత పోర్టు స్థితి రిజిస్టర్లు చూశాను. అవి హెక్స్ 1352 నుంచి వరుసగా ఉన్నాయి. మూడో పోర్టులో కేబుల్ పెట్టి తీస్తుంటే 1355లో నాలుగో బిట్టు, సున్నా నుంచి లెక్కిస్తే, ఒకటి అవుతూ సున్నా అవుతూ ఉంది.

ఇక రెండో ప్రశ్న మిగిలింది. దీన్ని డీఎస్‌ఏలోకి తీసుకురావాలా, లేక ఇలా ప్రోగ్రాంతోనే రిజిస్టర్లు రాసుకోవాలా?

మూడోమెట్టు

నీలిదీపం గారూ, మీ విషయంలో ప్రోగ్రాంతో రాసుకోవడమే సరైనదని నా అభిప్రాయం. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

మీ దగ్గర రెండు దారులు ఉన్నాయి. ఆదేశాలు వెళ్ళే దారి మీరు టంకం వేసిన తీగలు. ప్యాకెట్లు వెళ్ళే దారి రూటర్ లాన్ పోర్టు నుంచి స్విచ్‌కు వెళ్ళే మామూలు కేబుల్. డీఎస్‌ఏకు ఈ రెండూ కావాలి. ప్యాకెట్ ఏ పోర్టు నుంచి వచ్చిందో రూటర్‌కు తెలియడానికి చిప్ ప్రతి ప్యాకెట్‌లోనూ తన సొంత ట్యాగును చొప్పిస్తుంది. రియల్‌టెక్ ఈ చిప్‌లలో వాడేది ఎనిమిది బైట్ల ట్యాగు, దాని ఈథర్‌టైప్ (ప్యాకెట్ రకం చెప్పే సంఖ్య) హెక్స్ 8899. ఈ కుటుంబానికి తగిన డ్రైవరు లైనక్స్ 5.16 నుంచి అసలు కెర్నెల్‌లోనే ఉంది. అయితే అది రూపొందింది ప్రాసెసర్ నెట్‌వర్క్ పోర్టు, స్విచ్ చిప్ ఒకే బోర్డు మీద నేరుగా కలిసి ఉండే ఏర్పాటు కోసం. మీ కేబుల్ అవతలి కొస రూటర్ లోపలి మరో స్విచ్ చిప్ పోర్టులో ఉంది. అంటే ఒక చిప్ ట్యాగు మీద మరో చిప్ ట్యాగు ఎక్కాలి, రెండింటికీ చోటు సరిపడేలా ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం పెంచాలి, రియల్‌టెక్ ట్యాగు ఉన్న ప్యాకెట్‌ను లోపలి స్విచ్ చెడగొట్టకుండా దాటించాలి. ఒక డీఎస్‌ఏ పోర్టు మీద మరో డీఎస్‌ఏ వృక్షాన్ని నిలబెట్టడం కెర్నెల్‌కు చేతకాని పని కాదు. కానీ మీకు కావలసినది నాలుగు పోర్టులను రెండు వీలాన్‌లుగా విడదీయడం. అంత బరువు దానికి అక్కరలేదు.

దానికి బదులు, కేబుల్ ఉన్న పోర్టును ట్రంక్ (అన్ని వీలాన్‌లనూ మోసే పోర్టు) చేయండి. ఉదాహరణకు వీలాన్ 10, 20 అనుకుందాం. ట్రంక్ పోర్టులో రెండూ 802.1క్యూ ట్యాగుతో (ప్యాకెట్‌లో వీలాన్ సంఖ్యను చెప్పే గుర్తు) వెళ్ళాలి. మొదటి రెండు పోర్టులు 10లో ట్యాగు లేకుండా, వాటి పీవీఐడీ (ట్యాగు లేకుండా వచ్చే ప్యాకెట్‌కు ఇచ్చే వీలాన్ సంఖ్య) 10. మిగతా రెండూ 20లో, వాటి పీవీఐడీ 20. రూటర్ వైపు లోపలి స్విచ్‌లో ఆ లాన్ పోర్టుకు కూడా 10, 20 ట్యాగుతో ఇవ్వండి. అప్పుడు మీ స్విచ్ బయట కొనుక్కున్న మేనేజ్‌డ్ స్విచ్ లాగే ప్రవర్తిస్తుంది, ఫర్మ్‌వేర్ తరువాతి వెర్షన్లకు మారినా ఏదీ చెడదు.

వీలాన్ పట్టిక రాసే ముందు చేతికి అలవాటు కావడానికి పోర్టు విడదీతతో మొదలుపెట్టమని సలహా ఇస్తాను. హెక్స్ 08ఏ2 నుంచి వరుసగా ఒక్కో పోర్టుకు ఒక్కో రిజిస్టర్ ఉంటుంది. అందులోని బిట్లు ఆ పోర్టు ఎవరెవరికి పంపవచ్చో చెబుతాయి. నాలుగో పోర్టు ట్రంక్ అనుకుంటే, సున్నా నుంచి లెక్కించి రెండో పోర్టు రిజిస్టర్ 08ఏ4లో హెక్స్ 10 రాయండి. ఆ క్షణం నుంచి రెండో పోర్టులోని యంత్రం రూటర్‌ను తప్ప పక్క పోర్టులను చేరలేదు. ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు పింగ్ పెట్టి ఉంచి ఈ రిజిస్టర్ రాస్తే, జవాబులు ఠక్కున ఆగిపోవడం కళ్ళారా చూడవచ్చు. ట్రంక్ పోర్టు రిజిస్టర్‌ను మాత్రం తొందరపడి మార్చకండి. అయితే ఒక పోర్టు నుంచి వచ్చిన ప్యాకెట్ ఏ పోర్టుదో రూటర్‌కు ఈ పద్ధతిలో తెలియదు, దానికి వీలాన్‌లే కావాలి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయం. మీరు రాసేదంతా చిప్‌లో కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. స్విచ్‌కు ఒక్క క్షణం కరెంటు పోయి వస్తే అది మళ్ళీ మామూలు స్విచ్‌గా, అన్ని పోర్టులూ కలిసిపోయిన స్థితిలో లేస్తుంది. రూటర్‌కు ఆ సంగతి తెలియదు. మీరు వీలాన్ 20లో పెట్టి దూరంగా ఉంచిన కెమెరాలు, అతిథుల యంత్రాలు ఆ తరువాత మీ సొంత కంప్యూటర్లతో ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి, హెచ్చరిక ఏదీ రాదు. వీలాన్‌ను భద్రత కోసం వాడేవారు ఈ స్థితిని వదిలేయకూడదు.

దీనికి మరో తీగ కావాలి. చిప్ రీసెట్ పిన్నును రూటర్ జీపీఐఓ ఒకదానికి కలపండి. దీనికి వినే అవసరం లేదు కనుక షిఫ్ట్ రిజిస్టర్ వెనుక పిన్ను అయినా పనికివస్తుంది. స్విచ్ బోర్డు మీద రీసెట్‌ను పైకి పట్టుకునే రెసిస్టర్ సాధారణంగా 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. మీరు గ్రౌండ్‌కు 1 కిలో ఓమ్ పెడితే, రూటర్ ఏమీ చెప్పని సమయంలో ఆ తీగ 0.3 వోల్టుల వద్ద ఉండి చిప్ నిద్రలోనే ఉంటుంది. రూటర్ పూర్తిగా లేచి ఆ పిన్నును పైకి ఎత్తినప్పుడే స్విచ్ ప్రాణం పోసుకుంటుంది. షిఫ్ట్ రిజిస్టర్ పిన్నును వాడితే, కరెంటు రాగానే అది సున్నాలోనే ఉంటోందని మీటర్‌తో ఒకసారి నిర్ధారించుకోండి. కెర్నెల్ డ్రైవరు రీసెట్‌ను 25 మిల్లీసెకన్లు కింద ఉంచి, వదిలాక 100 మిల్లీసెకన్లు ఆగుతుంది. మీరూ ఆ లెక్కే పాటించండి.

గిగాబిట్ పోర్టులు అవతలి యంత్రంతో వేగం కుదుర్చుకుని లింకు నిలవడానికి మామూలుగా రెండు మూడు సెకన్లు పడుతుంది. రీసెట్ వదిలిన సెకనులోపు మీ రాతలన్నీ పూర్తయితే, ఏ ప్యాకెట్టూ తప్పు దారిలో వెళ్ళడానికి వ్యవధే ఉండదు. అందుకే షెల్ స్క్రిప్టులో ఒక్కో బిట్టుకు ఒక్కో ఆదేశం నడపడం మంచిది కాదు. ఒక రిజిస్టర్‌కు 45 క్లాకులు, ఒక్కో క్లాకుకు కనీసం మూడు పిన్ను కదలికలు, అంటే 135. నలభై రిజిస్టర్లకు 5,400 కదలికలు. ఒక్కో కదలికకు కొత్త ప్రాసెస్ పుట్టి ఐదు మిల్లీసెకన్లు తీసుకుంటే మొత్తం 27 సెకన్లు. మీ సీ ప్రోగ్రాంలో ఒక్కసారి పిన్నులు తెరిచి అన్నీ వరుసగా రాస్తే ఈ ఇబ్బంది ఉండదు.

రాగితీగ

మూడోమెట్టు గారి రీసెట్ ఆలోచన నాకు బాగా నచ్చింది, నా బోర్డులోనూ పెట్టుకుంటాను. ఒక విషయంలో మాత్రం నేను ఇంకో అడుగు వేస్తాను. రూటర్ నడుస్తూ ఉండగా స్విచ్‌కు మాత్రమే కరెంటు పోయి వస్తే, రీసెట్ పిన్ను అప్పటికే పైన ఉంటుంది కాబట్టి చిప్ రూటర్‌ను అడగకుండానే లేస్తుంది. ఆ దారి కూడా మూసేయాలంటే రెండు డబ్బాలనూ ఒకే అడాప్టర్ నుంచి నడపాలి, వోల్టేజీ ఒకటే అయి, అడాప్టర్ రెండింటి కరెంటునూ మోయగలిగితేనే. అది కుదరకపోతే, మీరు మార్చిన 08ఏ4 రిజిస్టర్‌ను ఐదు సెకన్లకు ఒకసారి చదువుతూ ఉండండి. రాసిన హెక్స్ 10 కాకుండా వేరే విలువ వచ్చినా, అంగీకారమే రాకపోయినా, వెంటనే రీసెట్‌ను కిందికి లాగి మొత్తం మళ్ళీ రాయండి. ఐదు సెకన్లు కూడా ఎక్కువే అనిపిస్తే ఒక సెకను పెట్టుకోండి. ఒక్క రిజిస్టర్ చదవడం రూటర్‌కు లెక్కలోకి రాని పని.

తీగల విషయం కూడా చెప్పి ముగిస్తాను. పది పదిహేను సెంటీమీటర్లు దాటనివ్వకండి. క్లాక్ తీగను గ్రౌండ్ తీగతో మెలివేసి, రూటర్ వైపు కొసలో 47 ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో పెట్టండి. నా మొదటి ప్రయత్నంలో పొడవాటి తీగ వాడినప్పుడు క్లాక్ అంచు దగ్గర చిన్న ఊగిసలాట వచ్చి, చిప్ ఒక క్లాకును రెండుగా లెక్కించేది. రాసిన విలువ ఒక బిట్టు పక్కకు జరిగి కూర్చునేది. ప్రతి రాత తరువాత అదే రిజిస్టర్‌ను చదివి సరిచూసుకునే అలవాటు ఉండబట్టే అది దొరికింది.

నీలిదీపం

రీసెట్ తీగ కట్టాను. బోర్డు మీది రెసిస్టర్ 10 కిలో ఓమ్ అనే తేలింది, 1 కిలో ఓమ్ పెట్టాక మీటర్ 0.3 చూపింది. షిఫ్ట్ రిజిస్టర్ పిన్ను కూడా రూటర్ లేచేంతవరకు సున్నాలోనే ఉంటోంది. ఇప్పుడు రూటర్ లేచేంతవరకు స్విచ్ దీపాలన్నీ ఆరిపోయి ఉంటున్నాయి. లాన్ బ్రిడ్జి సిద్ధమైన తరువాత నడిచే స్క్రిప్టు రీసెట్‌ను వదిలి, 38 రిజిస్టర్లు రాసి, ప్రతిదాన్నీ తిరిగి చదివి సరిచూస్తుంది. అంతా కలిపి సెకనులో మూడో వంతు కూడా పట్టడం లేదు. దీపాలు ఆ తరువాత రెండు సెకన్లకు వెలుగుతున్నాయి.

వీలాన్ 20 పోర్టులో ఒక కంప్యూటర్ పెట్టి, వీలాన్ 10లోని యంత్రానికి పింగ్ నడుపుతూ స్విచ్ అడాప్టర్‌ను పదిసార్లు తీసి పెట్టి చూశాను. కాపలా ప్రోగ్రాం సెకనుకు ఒకసారి చదువుతున్నప్పుడు ఒక్క జవాబు కూడా తప్పించుకుని రాలేదు. ఐదు సెకన్లకు మార్చినప్పుడు పదింటిలో మూడుసార్లు ఒకటి రెండు జవాబులు వచ్చాయి. కనుక ఒక సెకనే ఉంచుతున్నాను, అడాప్టర్ ఒకటే చేసే పని వచ్చే వారం చేస్తాను. రాగితీగ గారు చెప్పిన 47 ఓమ్‌ల రెసిస్టర్ కూడా అప్పుడే పెడతాను. ప్రస్తుతం తీగ పన్నెండు సెంటీమీటర్లే ఉంది, ఇప్పటివరకు ఏ రాతా పక్కకు జరగలేదు.